బావమరిది కోసం

తాగుడు మాన్పించే మీటింగు ఊళ్ళో ఎక్కడ జరుగుతుందో కనుక్కురమ్మని అతన్ని భార్యే పంపింది. అతనికోసం కాదు, తన తమ్ముడి కోసం.

"మీరైతే గుట్టుగా కనుక్కుంటారు. నేనడిగితే ఊరంతా తెలిసిపోతుంది," అంది అతని చొక్కా కాలరు సర్దుతూ.

అతను సరేనని తలూపి మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగాక గోడకి ఆనుకుని కాసేపు నిలబడిపోయాడు. ఆ ఇంట్లో తాగుబోతు ఆమె తమ్ముడు కాదు. అతనే.

అతను పనిచేసేది ఒక పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ వ్యానుల్లో మూటలుగా వచ్చి, ఉతికి, ఆరి, మడతలై మళ్ళీ వెళ్ళిపోయేవి. పొద్దుటి షిఫ్టు మొత్తం అతని చేతికింద నడిచేది. అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. పనికి ఆలస్యంగా వచ్చిన మనిషి కాదు, ఎవరిమీదా గొంతు చేసుకున్న మనిషీ కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వెళ్ళి పలకరించేది అతనే. అంత మంచిపేరున్నవాడి జేబులు తడమాలని ఎవరికి తోస్తుంది?

బాయిలరు గది వెనక, చిరిగిన దుప్పట్లు వేసే బుట్టల మధ్య, అతని సీసా ఉండేది. వాసన తక్కువని వోడ్కా తాగేవాడు. మిగిలిన ఆ కాస్త వాసనా బ్లీచింగు ఘాటులో, ఆవిరిలో కలిసిపోయేది. ఇంటికి వెళ్ళేముందు పుదీనా బిళ్ళ ఒకటి చప్పరించేవాడు. భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. ఏ మాత్ర దేనికో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు గానీ, ఇంట్లో ఉన్న మందు సంగతి మాత్రం ఆమెకి తెలియలేదు. అతనికి తరచూ కడుపులో మంట వస్తుంటే, వేళకి తినకుండా ఆ ఆవిరిలో మాడిపోతున్నాడని బాధపడి, షాపునుంచి మాత్రలు తెచ్చి తనే నీళ్ళగ్లాసు చేతికిచ్చి మింగించేది.

బావమరిదిని లాండ్రీలో పెట్టించింది కూడా అతనే. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి అక్కే పెంచింది. పెళ్ళయ్యాక కూడా వెంట తెచ్చుకుంది. ఇప్పుడు పాతికేళ్ళవాడైనా ఆమెకి వాడింకా చిన్నోడే. దుప్పట్లని ఇస్త్రీ చేసే పెద్ద రోలరు దగ్గర వాడి పని. వెనకెప్పుడో స్నేహితుడి పెళ్ళిలో తాగి, కుర్చీ ఎక్కి పాట పాడబోయి, కిందపడి ముందుపన్ను విరగ్గొట్టుకున్న ఘనత వాడికుంది. తాగింది ఆ ఒక్కసారే. కానీ వాడు నవ్వినప్పుడల్లా ఆ పన్ను సాక్ష్యం చెబుతూనే ఉండేది.

అంతకు కొన్ని వారాల ముందు ఒకరోజు ఆసుపత్రివాళ్ళు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు. మేస్త్రి అప్పుడే బాయిలరు గది వెనకనుంచి వస్తున్నాడు. నడుం దగ్గర చొక్కా కింద క్వార్టరు సీసా ఉంది. ఎదురుగా మేనేజరూ, ఆయన పక్కన ఇద్దరు కొత్త మనుషులూ. పక్కనే ఉన్న అరలో, మడతపెట్టిన తువ్వాళ్ళ వెనకకి సీసా తోసేశాడు. వాళ్ళు వెళ్ళగానే తీసేయొచ్చులే అనుకున్నాడు.

తనిఖీకి వచ్చినావిడ మడత ఎలా ఉందో చూద్దామని సరిగ్గా ఆ అరలోంచే ఒక తువ్వాలు లాగింది. సీసా జారి సిమెంటు నేలమీద పడింది. పగిలినా బాగుండేది. పగలకుండా దొర్లుకుంటూ వెళ్ళి మేనేజరు బూటుకి తగిలి ఆగింది.

"ఈ అర ఎవరిది?"

బావమరిది రోలరు ఆపి, చెమట తుడుచుకుంటూ వచ్చి, "నాదే సార్," అన్నాడు. వాడు సీసాని ఇంకా చూడలేదు. చూశాక, "సార్, అర నాదే గానీ అది నాది కాదు," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ముఖం ఎర్రబడింది.

మేస్త్రి అక్కడే నిలబడి ఉన్నాడు. నాది సార్ అనాలి. రెండు ముక్కలు, అంతే. గొంతుదాకా వచ్చాయి కూడా. కానీ బయటికి వచ్చినవి వేరే మాటలు. చేతులు జోడించి, "కుర్రాడు సార్. ఈసారికి వదిలేయండి. ఇకమీదట నేను చూసుకుంటాను," అన్నాడు.

వాణ్ణి కాపాడదామనే అన్నాడు. కానీ ఆ మాటతోనే వాడి పని అయిపోయింది. సొంత బావే అలా బతిమాలుతుంటే ఇంక అనుమానమేముంది? బావమరిది గిరుక్కున తిరిగి అతని ముఖంలోకి చూశాడు. మేస్త్రి వంగి, కిందపడ్డ తువ్వాలు తీసి దులిపి మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రానికల్లా వాడి ఉద్యోగం పోయింది.

అప్పట్నుంచీ ఇంట్లో వాడి బతుకు బతుకు కాదు. వాడెక్కడికి వెళ్ళొచ్చినా అక్క గుమ్మంలోనే ఆపేది. "ఏదీ, హా అను," అనేది. వాడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచి హా అనేవాడు. ఆమె వాసన చూసి, ఏమీ లేకపోయినా నిట్టూర్చేది. పక్కగదిలో కూర్చున్న మేస్త్రి ఆ హా వినిపించినప్పుడల్లా తన నోరు గట్టిగా మూసుకునేవాడు. ఎక్కువ కాలం నోరు మూసుకుని ఉండటం కష్టం కాబట్టి మరి కాస్త ఎక్కువ తాగేవాడు.

ఆ పరిస్థితిలో మీటింగు వెతికే పని అతని నెత్తిన పడింది.

ముందు పెద్దాసుపత్రి కౌంటరు దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు. కౌంటరు అమ్మాయి తలెత్తకుండానే, "ఎవరికండీ?" అంది. "మా బావమరిదికి," అన్నాడు. ఆమె గోడమీద అంటించిన ఫోన్ నంబరు చూపించింది. అతను బయటికొచ్చి, ఆగి ఉన్న లారీ చాటున నిలబడి ఫోన్ చేశాడు. బొంగురు గొంతు మనిషెవరో ఎత్తాడు.

"అక్కడ తాగేవాళ్ళకి ఏదో మీటింగు ఉంటుందట..."

"తాగేవాళ్ళకి కాదండీ, వాళ్ళకి బార్లున్నాయిగా. మానాలనుకునేవాళ్ళకి. ఎవరికోసం?"

"మా బావమరిది కోసం."

"ఆహా!" అంది బొంగురు గొంతు. "మాకు ఫోన్ చేసేవాళ్ళలో సగంమంది బావమరిది కోసమే చేస్తారు. తక్కిన సగం స్నేహితుడి కోసం. నేను మా తమ్ముడి కోసం చేశాను. నాకసలు తమ్ముళ్ళే లేరు."

"లేదండీ, నాకు నిజంగానే ఉన్నాడు," అన్నాడు మేస్త్రి.

"సంతోషం. బుధవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం. మార్కెట్టు వెనక టైర్ల కొట్టు, దాని పక్కసందులో పసుపురంగు మేడ. పేరు చెప్పక్కర్లేదు. అతన్ని తీసుకొచ్చినా సరే, తీసుకురాకపోయినా సరే, మీరు మాత్రం రండి."

బుధవారం పనయ్యాక ఒక్కడే వెళ్ళాడు. చోటు చూసొద్దామనే, ఇంకేం లేదు అని దారంతా తనకి తను చెప్పుకున్నాడు. మేడ దొరికింది. మెట్లెక్కి తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు. లోపలంతా కుట్టుమిషన్లు, వాటి ముందు ఆడపిల్లలు. మెడలో టేపు వేసుకున్న టీచరు ఎదురొచ్చింది.

"ఏం కావాలండీ?"

"ఇక్కడ మీటింగు..."

"ఆ తాగుడు మానేవాళ్ళదా?" అంది ఆవిడ, మిషన్ల చప్పుడు మీద వినబడాలని గొంతు పెంచి. "ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేశారు. కింద, ఎడంచేతి తలుపు. పాపం, మొదటిసారి అందరూ మా దగ్గరికే వస్తారు."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "నాకు కాదండీ, మా బావమరిదికి," అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. "అలాగేనండీ," అంది ఆవిడ. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

కింద తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఏడుపులు వినబడతాయనుకున్నాడు. వినబడింది నవ్వు. ఎవరో మగమనిషి కబుర్లు చెప్పినట్టు చెబుతున్నాడు. "ఫ్లష్ ట్యాంకులో దాచానండీ. మా ఆవిడ లాగితే నీళ్ళు రాలేదు. ప్లంబర్ని పిలిచింది. వాడు మూత తీసి, నావంక చూసి, మళ్ళీ మూత పెట్టేసి, అమ్మా, రిపేరు పెద్దదే అన్నాడు." లోపల అందరూ పగలబడి నవ్వారు.

వీళ్ళకి సిగ్గులేదా అనిపించింది మేస్త్రికి. ఆ వెంటనే గుర్తొచ్చింది. అతని ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో ఆ క్షణాన కూడా ఒక సీసా ఉంది. ప్రపంచంలో తనకొక్కడికే తెలుసనుకున్న సంగతిని ఎవడో పరాయివాడు నోరారా చెప్పి నవ్విస్తున్నాడు. అతను తలుపు ముట్టుకోలేదు. చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగి, సందు దాటి, నేరుగా బారులోకి వెళ్ళాడు.

ఇంటికొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు భోజనాల దగ్గరున్నారు. "ఆ మీటింగు ఇప్పుడు జరగట్లేదట. మూసేశారట," అన్నాడు నిలబడే. భార్య ముఖం వాడిపోయింది. బావమరిది కంచంలోంచి తలెత్తాడు.

"ఎవరు చెప్పారు బావా?"

"అక్కడివాళ్ళే."

"ఓహో," అని వాడు మళ్ళీ తల దించుకున్నాడు.

శనివారం భార్య షాపునుంచి ఉత్సాహంగా వచ్చింది. రోజూ వచ్చే ఒక పెద్దమనిషిని అడిగిందట. మీటింగు జరుగుతూనే ఉందట. "మీకెవరో తప్పు చెప్పినట్టున్నారండీ. పాపం, పనిచేసి అలిసిపోయి కూడా అంత దూరం ఊరికే తిరిగొచ్చారు," అంది. తిట్టినా తట్టుకునేవాడేమో. ఆ జాలిని తట్టుకోవడం మాత్రం కష్టమైంది.

"ఒరే చిన్నోడా, రేపు వెళ్తావా లేదా?" అంది తమ్ముడివైపు తిరిగి.

"వెళ్తానక్కా. బావ కూడా లోపలికొచ్చి నా పక్కన కూర్చోవాలి."

"ఆయనెందుకురా? ఉన్నదొక్క ఆదివారం సెలవు."

"బావ రాకపోతే నేనూ వెళ్ళను."

ఆమె మొగుడి వంక బతిమాలుతున్నట్టు చూసింది. "వెళ్ళిరండి. వాడికి మీరంటే గౌరవం," అంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ ఒక్క మాటా లేదు. టైర్ల కొట్టు మూసి ఉంది. పాత టైర్లు సందులో గుట్టగా పడి ఉన్నాయి. పసుపు మేడ గుమ్మం కనబడగానే బావమరిది ఆగిపోయాడు.

"లోపలికెళ్ళాక నన్నేం చెప్పమంటావు బావా?" అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"అదే... తాగుతున్నానని..."

"ఎవరు?"

మేస్త్రి గుమ్మం వైపు చూశాడు.

"ఆ పొద్దున తువ్వాళ్ళు పేర్చింది నా చేతుల్తోనే. సీసా లేదక్కడ. తర్వాత అటు వచ్చింది నువ్వొక్కడివే. అయినా నీమీద అనుమానం రాలేదు నాకు. చేతులు జోడించావు చూడు, అప్పుడు తెలిసింది. నాది కాదు మొర్రో అని ఒకడు మొత్తుకుంటుంటే, అవునో కాదో వాణ్ణి ఒక్క మాటైనా అడక్కుండా క్షమించమని బతిమాలతారా ఎవరైనా? ఎవరిదో తెలుసు కాబట్టే నువ్వు అడగలేదు."

"మీ అక్కకెందుకు చెప్పలేదు మరి?"

"చెబుదామనే ఇంటికొచ్చా. అప్పటికే ఏడుస్తోంది. మీ బావ పరువు తీసేశావు కదరా అంది. ఇంక నాకు నోరు పెగల్లేదు. నువ్వే చెప్తావులే అనుకున్నా. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని రోజూ నీ ముఖం చూస్తూ కూర్చున్నా." వాడు టైర్ల గుట్టవైపు చెయ్యి చూపించాడు. "బుధవారం నీ వెనకాలే వచ్చాను. ఈ టైర్ల పక్కనే నిలబడ్డాను. నువ్వు ఆ మెట్లెక్కుతుంటే నాకెంత సంతోషమేసిందో తెలుసా? ఉద్యోగం పోతే పోయింది, మా బావ మనిషే అనుకున్నా. పావుగంట కూడా కాలేదు. దిగొచ్చి బారులో దూరావు. ఇంటికొచ్చి మూసేశారన్నావు."

మేస్త్రి తలెత్తలేకపోయాడు. వాడు భుజం పట్టుకుని ఊపేస్తే బాగుండుననిపించింది. వాడు అతన్ని ముట్టుకోలేదు. ముందుగా మెట్లెక్కి తలుపు తోశాడు.

అది మామూలు రోజుల్లో పిల్లల ట్యూషన్ గది. గోడమీద ఎక్కాల పట్టిక, మూలన నీళ్ళ క్యాను, గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు. పదిమందిదాకా ఉన్నారు. అందులో ఎవరూ అతను ఊహించుకున్న తాగుబోతుల్లా లేరు. అతనిలాగే ఉన్నారు. పొట్టిగా, బొద్దుగా ఉన్న ఒకాయన లేచి ఎదురొచ్చాడు. ఫోన్‌లో విన్న బొంగురు గొంతే. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట.

"ఫోన్ చేసింది మీరే కదూ? బావమరిది వచ్చాడా?"

"వచ్చానండీ. నేనే ఆ బావమరిదిని," అన్నాడు వాడు. డ్రైవరు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా రెండు కుర్చీలు చూపించాడు.

ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. మేస్త్రి చెవులు పనిచేయడం లేదు. తలుపెంత దూరంలో ఉందో చూసుకుంటున్నాడు. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చున్న ఒకావిడ మొదలుపెట్టాక మాత్రం వినక తప్పలేదు.

"మా పాపని బడినుంచి తేవడం మర్చిపోయానండీ ఒకరోజు. తాగి పడుకున్నాను. చీకటిపడే వేళకి వాచ్‌మన్ తీసుకొచ్చి దింపాడు. నేను ఒప్పుకోలేదు. నీకే టైము చూడటం రాదు, ఇంకా వేళ కాలేదు అన్నాను. పాప నమ్మేసింది. మర్నాడు పలకమీద గడియారం బొమ్మ గీసుకొచ్చి, అమ్మా, మళ్ళీ నేర్పించవా అంది." ఆవిడ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "దానికి టైము చూడటం బాగా వచ్చండీ. కూర్చుని మళ్ళీ నేర్పాను. ఇంతే చెప్పాలనుకున్నాను."

ఎవరూ అయ్యో అనలేదు, ఓదార్చలేదు. డ్రైవరు మేస్త్రివైపు చూసి, "మీరేమన్నా చెప్తారా? చెప్పకపోయినా ఫర్వాలేదు," అన్నాడు.

"మా బావమరిది..." అని మొదలుపెట్టాడు మేస్త్రి. ఆ మాట నోట్లో ఇసకలా తగిలింది. ఆగాడు. "సీసా నాది," అన్నాడు.

ఏ సీసానో అక్కడెవరికీ తెలియదు. అయినా వింటున్నారు. అతను నేలవంక చూస్తూ చెప్పాడు. ఒకటి ముందూ ఒకటి వెనకా, తడబడుతూ. బాయిలరు గది, అర, బూటుకి తగిలిన సీసా, చేతులు జోడించడం, రోజూ పక్కగదిలోంచి వినబడే హా, భార్య చేతిలో నీళ్ళగ్లాసు. చెప్పేకొద్దీ తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ఇన్నాళ్ళూ లోపల ముక్కలు ముక్కలుగా ఉన్నదంతా చెప్పడంతో ఒక్కచోటికి చేరి, ఎంత పెద్దదో కనబడింది. చివర్లో తల తిప్పి చూస్తే పక్కకుర్చీ ఖాళీగా ఉంది. వాడెప్పుడు లేచి వెళ్ళాడో తెలియలేదు.

మీటింగయ్యాక డ్రైవరు టీ కప్పు చేతికిచ్చాడు. "మాకు చెప్పడం సులువేనండీ. మాదేం పోయింది? చెప్పాల్సినవాళ్ళు బయటున్నారు," అన్నాడు. "ఇవాళ చెప్పి, రేపు తాగితే, ఎల్లుండి మళ్ళీ ఇక్కడికే రండి. రాకపోతేనే మాకు కోపం."

బావమరిది టైర్ల గుట్టమీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కకి నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడను," అని లేచి, బస్సుకోసం చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "వాడేడీ? ఏడ్చాడా? ఏమన్నారు వాళ్ళు?" అని గబగబా అడిగింది. అతను ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. చెప్పాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. "అంటే మీరు కూడా తాగుతారా?" అంది. "నేను కూడా కాదు. నేనే. వాడు కాదు," అన్నాడు. అతను లేచి వెళ్ళి ఫ్లష్ ట్యాంకులోంచి సీసా తెచ్చి ముందు పెట్టాడు. దానినుంచి నీళ్ళు కారి మడతపెట్టిన చొక్కా కిందకి పాకాయి. ఆమె చొక్కా తీయలేదు.

"నేను వాడి నోరు వాసన చూశానండీ. రోజూ గుమ్మంలో నిలబెట్టి," అంది. ఆ తర్వాత, "మీ కడుపుమంటకి మాత్రలు కూడా నేనే తెచ్చాను," అంది. అరవలేదు. అరుస్తుందేమోనని చూశాడు. ఆమె చెప్పులేసుకుని తమ్ముణ్ణి వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రినుంచి పక్కగదిలోనే పడుకుంది.

సోమవారం పొద్దున్నే అతను మేనేజరు గదిలోకి వెళ్ళాడు. విని మేనేజరు నవ్వాడు.

"కూర్చో మేస్త్రీ. నీ మంచితనం నాకు తెలియనిదా? బావమరిదిని మళ్ళీ పనిలో పెట్టించడానికి నింద నెత్తినేసుకుంటున్నావు. నీలాంటివాడు లక్షమందిలో ఒకడుంటాడు."

"నిజం సార్. నాదే."

"ఊరుకోవయ్యా. ఇంట్లో ఆవిడ పోరు పెడుతోందా?"

ఇన్నేళ్ళు జాగ్రత్తగా కూడబెట్టుకున్న మంచిపేరు నిజానికి అడ్డంగా నిలబడింది. అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "నాతో రండి సార్," అన్నాడు. మేనేజరు విసుక్కుంటూనే వెంట వచ్చాడు. చిరిగిన దుప్పట్ల బుట్ట అడుగునుంచి ఒక సీసా తీశాడు. నీళ్ళ పైపు వెనకనుంచి ఇంకోటి. మీటరు పెట్టె పైనుంచి ఒకటి. సబ్బుపొడి డబ్బాలో చెయ్యిపెట్టి, మోచేతిదాకా తెల్లగా, మరొకటి. మనుషులు పని ఆపి చూస్తున్నారు. రోలరు ఆగింది. అన్నీ ఖాళీవే. ఒక్కొక్కటీ తెచ్చి ఆ అరలోనే, తువ్వాళ్ళ పక్కన నిలబెట్టాడు. మేనేజరు చివరికి, "చాలు మేస్త్రీ, ఇంక తియ్యకు," అన్నాడు. తిట్టినట్టు లేదు, ప్రాధేయపడినట్టుంది.

కొన్నాళ్ళు సస్పెండు చేసి, ఆ తర్వాత మురికి బట్టలు విడదీసే చోట వేశారు. రక్తం మరకలూ మందుల మరకలూ ఉన్న దుప్పట్లని వేరుచేసే పని. అందరూ మేస్త్రి అని పిలవడం మానేశారు. బావమరిదికి కబురు పంపితే, "ఆ అర ముందు మళ్ళీ నిలబడలేను సార్," అని చెప్పి, ఇళ్ళ సామాన్లు మార్చే వ్యానుమీద చేరాడు. స్నేహితులతో కలిసి వేరే గది తీసుకున్నాడు. అక్క షాపుకి వచ్చి ఆమెని చూసి వెళ్ళేవాడు. ఇంటికి మాత్రం రాలేదు.

మేస్త్రి బుధవారాలూ ఆదివారాలూ వెళ్ళేవాడు. మధ్యలో ఒకసారి తాగాడు కూడా. ఆ సంగతి అక్కడ చెప్పాడు, ఇంటికొచ్చి భార్యకీ చెప్పాడు. ఆమె, "చెప్పారు కదా, అన్నం తినండి," అంది. అంతకు మించి ఏమీ అనలేదు. క్షమించిందో లేదో అతను అడగలేదు. అడిగే ముఖం తనకి లేదని అతనికి తెలుసు.

జీతం తగ్గడంతో చిన్న ఇంట్లోకి మారాల్సి వచ్చింది. సామాన్లకి వ్యాను మాట్లాడింది భార్యే. ఎవరి వ్యానో అతనికి చెప్పలేదు. పొద్దున తలుపు తీసేసరికి గుమ్మంలో బావమరిది, భుజంమీద తాడుచుట్ట. అక్కని చూసి నవ్వాడు, విరిగిన పన్ను కనబడేలా. అతన్ని చూసి నవ్వలేదు. నేరుగా లోపలికొచ్చి బీరువా చుట్టూ తాడు బిగించాడు. వ్యానులో వచ్చిన రెండోవాడు కింద సామాను సర్దుతున్నాడు. బీరువాకి రెండో కొస పట్టుకోవడానికి మేస్త్రి తప్ప ఎవరూ లేరు.

"పట్టుకోండి," అన్నాడు వాడు.

మెట్లమీద వాడు కిందివైపు, మేస్త్రి పైవైపు. బరువంతా వాడిమీదే పడుతోంది.

"ఎడమకి."

తిప్పాడు.

"కొంచెం పైకెత్తండి. గోడకి తగుల్తోంది."

ఎత్తాడు. మలుపు దగ్గర బీరువా ఇరుక్కుంది. వాడు కిందనుంచి తలెత్తి చూశాడు.

"చేతులు వణుకుతున్నాయా?"

లేదు అనబోయాడు మేస్త్రి. ఆ మాట అతని నోటికి ఎంతో అలవాటైన మాట.

"వణుకుతున్నాయి," అన్నాడు.

"మరి చెప్పరేం? కింద పెట్టండి. నెమ్మదిగా... ఆఁ, అలా. కాసేపు ఆగుదాం."

బీరువా మెట్టుమీద ఆనింది. ఇద్దరూ చెరోవైపు నిలబడి ఊపిరి పీల్చుకున్నారు. మధ్యలో బీరువా ఉంది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనబడటం లేదు. చెమట తుడుచుకుంటున్న చప్పుడు మాత్రం అటునుంచి వినబడింది. మేస్త్రి తన రెండు చేతులూ చొక్కాకి రుద్దుకుని, వాడు మళ్ళీ పట్టుకోమనేదాకా ఎదురుచూశాడు.